లేని కాలర్

ఏదీ, ఇటు తే నీ బొమ్మల పుస్తకం. ఇవ్వవే, తినేస్తానా? మీ అమ్మ మెట్ల మీద కనబడి చెప్పింది, "మా మేలిస్ ఫ్యాషన్ బొమ్మల బళ్ళో చేరిందండీ, మీరు కాస్త చూసిపెట్టాలి" అని. కూర్చో, ఆ పిల్లిని లేపి కూర్చో, దానికి అలవాటే. ఆఁ... బావుంది. చెయ్యి తిరిగింది నీకు. కానీ ఇదేంటే, గుండీలకి చిల్లులు కూడా గీశావు? ఒక్కోదానికీ నాలుగేసి! జేబు చుట్టూ కుట్లు వరసపెట్టి గీశావు. కుట్టేవాళ్ళకి పనికొస్తుంది ఇది, దాచుకో. మూతి ముడవకు. వెర్దెలే గారు చూసుంటే ఈ పుస్తకం తీసుకెళ్ళి కిటికీలోంచి వీధిలోకి విసిరేసేవారు. తర్వాత ఆయనే కిందికి దిగి, ఏరుకొచ్చి, దుమ్ము దులిపి నీ చేతికిచ్చి, కాఫీ కలిపి ఇచ్చేవారు. అలాంటి మనిషి. ఎవరంటావేంటి? ఆన్సెల్మ్ వెర్దెలే. మీ బళ్ళో చెప్పలేదా? అవున్లే, ఎందుకు చెప్తారు. గౌన్లు తయారుచేసినవాళ్ళ పేర్లు చెప్తారు, ఫోటోలు తీసినవాళ్ళ పేర్లు చెప్తారు. బొమ్మ గీసినాయన పేరు పాత పత్రికలో పేజీ అడుగున, మూలకి, చీమంత అక్షరాల్లో ఉంటుంది. అద్దాలు పెట్టుకుంటే గానీ కనబడదు. ఆయనకైతే అద్దాలు పెట్టుకున్నా కనబడేది కాదు... సరే, అది తర్వాత చెప్తాను.

ఇది యాభై అయిదూ యాభై ఆరూ నాటి మాట. నాకప్పుడు ఇరవై మూడు. నన్నిప్పుడిలా చూస్తే నమ్మవు గానీ, లొర్సీ అని ఒకడు నడిపే గౌన్ల సంస్థలో నేను మోడల్‌ని. లొర్సీ అంటే ఆ రోజుల్లో చిన్నవాడేం కాదు. పారిస్‌లో ఆయన దుకాణం మెట్లెక్కాలంటే కూడా ముందే కబురు పెట్టుకోవాలి. మేం అయిదుగురం ఆడపిల్లలం. పొద్దున్న ఉడకబెట్టిన గుడ్డు ఒకటీ, మధ్యాహ్నం కాఫీ నీళ్ళూ, ఇంతే తిండి. మాది కాంబ్రే అనే ఊరు, మా నాన్నకి మాంసం కొట్టు. లెయోకాదీ అన్న పేరు లొర్సీకి నచ్చలేదు. "ఆ పేరు వింటే పందికొవ్వు వాసనొస్తుంది, నువ్వు ఇవాళ్టి నించి ఇరిస్" అన్నాడు. అంతే. నాలుగేళ్ళు ఇరిస్‌నే. మా అమ్మ ఒకసారి నన్ను చూడ్డానికొచ్చి గుమ్మం దగ్గర లెయోకాదీ కావాలి అంటే, అలాంటివాళ్ళెవరూ లేరమ్మా అని పంపించేశారు. మా అమ్మ స్టేషన్‌లో కూర్చుని తెచ్చిన సాసేజీలు తనే తినేసి వెళ్ళిపోయింది. తర్వాత ఉత్తరం రాసింది, "పర్లేదు, బాగానే ఉన్నాయి, కొంచెం ఉప్పెక్కువ" అని. ఏం చెప్తున్నాను? ఆఁ, వెర్దెలే గారు.

ఆయనకప్పుడు యాభై ఎనిమిదో ఎంతో. పొడుగ్గా, భుజాలు కాస్త ముందుకి వంగి, ఎప్పుడూ ఒకటే గోధుమరంగు కోటు. అందరికీ బట్టల బొమ్మలు గీసే మనిషి, తన కోటుకి మోచేతుల దగ్గర చిరుగులు. లొర్సీ కొత్త గౌన్లు తయారయ్యాక పత్రికలకి బొమ్మలు పంపాలి కదా, అవి గీసేది ఈయనే. అప్పటికే సగం పేజీలు ఫోటోలవాళ్ళు ఆక్రమించేశారు. అయినా లొర్సీకి బొమ్మలే ఇష్టం. ఎందుకంటావ్? ఫోటో అయితే పోటీవాడు భూతద్దం పెట్టి ఏ కుట్టు ఎక్కడుందో పట్టేసి మర్నాటికల్లా అలాంటిదే కుట్టేస్తాడు. వెర్దెలే గారి బొమ్మ చూసి ఎవడూ ఏమీ కుట్టలేడు, కానీ చూసిన ప్రతి ఆడదానికీ ఆ గౌను కావాలనిపిస్తుంది. అదీ సంగతి. ఆయన మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చేవారు, కొనేవాళ్ళు లేని సమయం కదా. మేడ మీద వెనక గది. పెద్ద బల్ల, దాని మీద ఇంతేసి కాగితాలు, సిరా బుడ్డి, కుంచెలు. నాకు గౌను వేయించి తిప్పేవారు. నడు. కూర్చో. లే. ఆ కిటికీ తెరువు. రుమాలు కింద పడేశాను, తీసివ్వు. అరగంట ఇదే. గీత గీసేవారు కాదు, ఊరికే చూసేవారు. తర్వాత ఉన్నట్టుండి కుంచె ముంచి, భుజం నించి పాదం దాకా ఒకటి, నడుం దగ్గర ఒకటి, టోపీకి ఒక మచ్చ. అయిపోయింది. నచ్చకపోతే చింపి మళ్ళీ. ఒక్కో గౌనుకి ఇరవై కాగితాలు చింపేవారు. నేనోసారి అడిగాను, "ఏమండీ, ఇటువైపు గీతే లేదు, నా చెయ్యేదీ?" అని. "గుడ్డ ఒంటిని ఎక్కడ తాకుతుందో అక్కడే గీత గీస్తాను. తాకని చోట కాగితాన్ని వదిలేస్తాను. చూసేవాళ్ళే కుట్టుకుంటారు" అన్నారు. అప్పుడు నాకేం అర్థం కాలేదు. పిచ్చాయన అనుకున్నాను.

కళ్ళ సంగతి నాకెలా తెలిసిందో చెప్పనా? ఒకరోజు నన్ను బల్లకి ఎదురుగా నిలబెట్టారు, రాత్రి విందులకి వేసుకునే ఎర్ర గౌను, కింద గరుకు వలగుడ్డ లోపావడా. పిక్క మీద ఒకటే దురద. ఆయన కుంచె కడుక్కుంటూ తల దించారు కదా అని చప్పుడు కాకుండా కిటికీ దగ్గరికి జరిగి, పావడా ఎత్తి, హాయిగా గోక్కుంటున్నాను. ఆయన తలెత్తారు. నేను ఇంతకుముందు నిలబడ్డ చోటికే చూశారు. అక్కడేముంది, గోడకి వేలాడే ఎర్ర తెర. తల ఒక పక్కకి వంచి, కళ్ళు చికిలించి, "కదలకు... ఆఁ, ఆ మెడ అలాగే ఉంచు, బావుంది" అన్నారు. తెరతో! నాకు మొదట నవ్వొచ్చింది. నోరు మూసుకున్నాను. తర్వాత విషయం తట్టింది. మెల్లగా నా చోటికి నేను వచ్చి నిలబడి, ఏమీ అనకుండా ఉండాల్సింది, కానీ నా నోరు ఊరుకోదు కదా, "వెర్దెలే గారూ, నేనిప్పటి దాకా కిటికీ దగ్గరున్నాను" అన్నాను. కుంచె కింద పెట్టేశారు. "తలుపు వేసుందా?" అన్నారు. వేసే ఉందన్నాను. "నడిమధ్య పొగలా ఉంటుందమ్మాయ్. నీ వైపు చూస్తే నువ్వు పోతావు, నీ పక్కనున్న కుర్చీ కనిపిస్తుంది. కుర్చీ వైపు చూస్తే కుర్చీ పోతుంది, నువ్వు కొంచెం వస్తావు. డాక్టర్ ఇంకో ఏడాది అన్నాడు. పోయిన ఏడాది అన్నాడు ఆ మాట." ఇంతే చెప్పారు. ఎవరికీ చెప్పొద్దని కూడా అనలేదు. అనుంటే బహుశా చెప్పేసేదాన్నేమో, ఆ వయసులో అంత పొగరు.

అలా మొదలైంది. నేను చెప్పడం, ఆయన గీయడం. మొదటిరోజు ఏం చెప్పాలో తెలీక, "ఇది నీలం గౌనండీ, చాలా అందంగా ఉంది" అన్నాను. ఎంత కోపం వచ్చిందనుకున్నావ్! "అందం నీకెందుకు, అది నా పని. బరువెక్కడుందో చెప్పు" అని కసిరారు. బరువేంటి? నాకు తోచలేదు. అప్పుడు మా నాన్న కొట్టు గుర్తొచ్చింది. మాంసం కొక్కేనికి వేలాడదీస్తే బరువంతా ఒక చోటికి దిగుతుంది కదా, తొడ దగ్గర బిగుసుకుని, కింద పక్కటెముకల దగ్గర కాస్త వదులై. చిన్నప్పటినించీ చూశాను. అదే చెప్పాను, సిగ్గుపడుతూనే. "ఈ గౌను ఎడమ భుజం మీద వేలాడుతోందండీ. కుడి భుజానికేం పని లేదు. నడుం దగ్గర పట్టి లాగినట్టుంది, అక్కణ్ణించి కింద అంతా వదిలేశారు, నడిస్తే ఒక అడుగు ఆలస్యంగా వస్తుంది" అన్నాను. ఆయన మొహం చూడాలి నువ్వు. పిల్లాడికి మిఠాయి ఇచ్చినట్టు. "ఇంకోసారి చెప్పు! ఒక అడుగు ఆలస్యంగానా?" అని కుంచె ముంచారు. పెద్ద పెద్ద కాగితాలు, లావు కుంచె, నల్లటి సిరా. తెల్ల కాగితం మీద అంత లావు గీతైతే పక్క చూపుతో ఆయనకి అందేది. ఆ రోజుల్లోనే నాకీ మాటల రోగం పట్టుకుంది. మా ఆయన, పాపం, బతికున్నన్నాళ్ళూ మొత్తుకునేవాడు, "ఉప్పందుకోమంటే ఉప్పు డబ్బా ఎలా ఉందో చెప్తావేంటే" అని. నవ్వు, నవ్వు.

తమాషా ఏంటంటే, ఆయన గీతలు తగ్గేకొద్దీ పత్రికలవాళ్ళ పొగడ్తలు పెరిగాయి. ఇదివరకు పన్నెండు గీతలతో గీసేది ఇప్పుడు అయిదుతో అవుతోంది కదా. "వెర్దెలే కొత్త దారి పట్టాడు, ఎంత ధైర్యం, ఎంత పొదుపు" అని రాశారు. నేను చదివి వినిపిస్తే పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. "ఇంకో ఆర్నెల్లాగితే తెల్ల కాగితం పంపిస్తాను, నన్ను మహానుభావుణ్ణి చేస్తారు" అన్నారు. నాకది నవ్వులాటగా అనిపించలేదు. కానీ ఒకటి చెప్తాను మేలిస్, ఆ అయిదు గీతల బొమ్మలు నిజంగానే బావుండేవి. ఉత్తినే పొగడలేదు వాళ్ళు. గౌను వేసుకున్నది నేను కదా, నాకు తెలుసు. ఆ బొమ్మ చూస్తే ఒంటి మీద గుడ్డ ఎలా కదిలిందో మళ్ళీ తెలిసేది. ఫోటోలో నా మొహం ఉంటుంది, నా ముక్కుంటుంది, వెనకాల గౌను బిగించడానికి పెట్టిన బట్టల క్లిప్పులు మాత్రం కనబడవు. అవును మరి, క్లిప్పులే! ముందునించి చూస్తే మహారాణి, వెనకనించి చూస్తే ఆరేసిన బట్ట. బొమ్మకి క్లిప్పులక్కర్లేదు.

సరే, కోటు సంగతి. యాభై ఆరు శీతాకాలం బట్టలు. బూడిదరంగు ఉన్ని కోటు ఒకటి. గుడ్డ బంగారం, కత్తిరింపు బంగారం, కాలర్ మాత్రం దరిద్రం. అట్టముక్కలా బిగుసుకుని గడ్డం కింద పొడుచుకునేది. వేసుకుంటే మెడ లేని బీరువాలా ఉండేదాన్ని. కొలతలు సరిచేసేటప్పుడు నేను ఊరుకోలేక, "లొర్సీ గారూ, ఈ కాలర్ కాస్త వెనక్కి వాలితే..." అన్నానో లేదో, వర్క్‌రూమంతా బిగుసుకుపోయింది. మేడమ్ రావెనెల్ అని కుట్టుపనికి పెద్దావిడ, నోటినిండా గుండుసూదులతో నా కాళ్ళ దగ్గర కూర్చునుంది, ఆవిడ చెయ్యి ఆగిపోయింది. లొర్సీ కేక కూడా వెయ్యలేదు. చాలా మెత్తగా, "ఇరిస్, నువ్వు హ్యాంగర్‌వి. నా దగ్గర హ్యాంగర్లు మాట్లాడవు" అన్నాడు. అందరూ నవ్వారు. మేడమ్ రావెనెల్ నవ్వలేదు, నోట్లో సూదులున్నాయి కదా. ఆ మర్నాడే వెర్దెలే గారి దగ్గర ఆ కోటుకి నిలబడాల్సొచ్చింది. అప్పటికి ఆయన చూపు ఇంకా దిగిపోయింది. బరువు చెప్పాను, భుజాలు చెప్పాను, చేతులు చెప్పాను. "కాలర్?" అన్నారు. నాకేమైందో తెలీదు. ఆ మాట, ఆ నవ్వులు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. మా అమ్మ గుర్తొచ్చింది. సాయంత్రం కొట్టు కట్టేశాక, కాళ్ళు చాపుకుని కూర్చుని, శాలువాని మెడ మీంచి వెనక్కి జార్చేసేది. మెడ వెనక భాగం, చెమటకి అంటుకున్న నాలుగు వెంట్రుకలు, ఆ జారిన శాలువా అక్కడే భుజాల మీద ఆగి, ఒంటికి అంటకుండా. రోజంతట్లో మా అమ్మ అందంగా ఉండేది ఆ ఒక్క క్షణమే. అది చెప్పేశాను. "కాలర్ మెడని వదిలేసిందండీ. వెనక్కి జారి, భుజాల మీద ఆగింది. మెడ వెనకంతా ఖాళీ. పని అయిపోయినావిడ వేసుకున్నట్టుంది" అని. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అలాగా?" అన్నారు. నా వైపు, అంటే నా పక్కన కుర్చీ వైపు చూశారు. "అలాగేనండీ" అన్నాను. ఆయన ఒక్క గీత గీశారు, వీపు నించి పైకెళ్ళి, మెడ దగ్గర అలా తిరిగి, ఆగిపోయింది. ఒక్క కాగితం కూడా చింపలేదు ఆ రోజు.

పత్రికలో పేజీ నిండా వేశారు. ఇంక చూడు! లియోన్ నించి ఒకావిడ, బ్రస్సెల్స్ నించి ఒకావిడ, అమెరికావాళ్ళ పెద్ద దుకాణం తరఫున ఒకాయన, అందరూ ఆ పేజీ చేత్తో పట్టుకుని దిగారు. ఈ కోటు కావాలి. కోటు తెచ్చి చూపిస్తే, ఇది కాదంటారు. ఇదేనమ్మా అంటే, "నాకు కళ్ళు లేవనుకున్నారా, ఆ కాలరేదీ?" అంటారు. బ్రస్సెల్స్ ఆవిడ మోసం అనేసింది, అందరిముందూ. లొర్సీ మొహం పాలిపోయింది. వెర్దెలే గారికి కబురెళ్ళింది. నాకు ఆ కోటు వేయించి పీట మీద నిలబెట్టారు, వర్క్‌రూమ్ మధ్యలో. ఇరవైమంది కుట్టేవాళ్ళు తలలు దించుకుని కూర్చున్నారు, ఒక్క సూదీ కదలట్లేదు. ఆయన వచ్చారు, అదే గోధుమరంగు కోటు. ఆ గదికి ఆయన ఎప్పుడూ రాలేదు, వెనకగదికే అలవాటు. గుమ్మం దగ్గర ఇస్త్రీబల్లకి తగిలారు. లొర్సీ పత్రిక తీసి ఆయన చేతిలో పెట్టాడు. కావాలనే పెట్టాడో, తొందర్లో అలా వచ్చిందో నాకిప్పటికీ తెలీదు. బొమ్మ తలకిందులుగా ఉంది. "చూడండి. బాగా చూసి చెప్పండి. ఈ కాలర్ ఆ పిల్ల ఒంటి మీదెక్కడుంది?" అన్నాడు. వెర్దెలే గారు ఆ పేజీని ఇలా ఎత్తి పట్టుకుని, తల పక్కకి వంచి, చూస్తున్నారు. చూస్తూనే ఉన్నారు. నేను పీట మీద నించి చూస్తున్నాను, నా బొమ్మ కాళ్ళు పైకీ తల కిందికీ. "తిప్పండి" అని ఒక్కమాటంటే చాలు. లేదా, "కాలర్ నేను కల్పించానండీ" అంటే చాలు. నేను రెండూ అనలేదు. "చూసిందే గీశాను" అన్నారాయన. అప్పుడు మేడమ్ రావెనెల్ లేచింది. మోకాళ్ళ నొప్పులావిడ, లేవడానికే ఇంతసేపు పట్టింది. వెళ్ళి ఆయన చేతిలోంచి పత్రిక మెల్లగా తీసుకుని, సరిగ్గా తిప్పి, మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది. గదిలో అందరికీ అర్థమైపోయింది.

లొర్సీ ముందు నమ్మలేదు. తర్వాత నా వైపు తిరిగాడు. వాడు మూర్ఖుడు కాదు. "కళ్ళు లేనివాడికి ఎవరో ఒకరు చెప్పుండాలి కదా. ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు, నన్నే చూస్తూ. వెర్దెలే గారు, "ఎవరూ చెప్పలేదు. చెయ్యి జారింది. ముసలి చెయ్యి" అన్నారు. టోపీ పెట్టుకుని, ఈసారి ఇస్త్రీబల్లని చేత్తో తడుముకుని, వెళ్ళిపోయారు. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు చివరిదాకా విన్నాను. ఏంటి? ఎందుకు ఊరుకున్నానంటావా? భయమే. ఇంకేం లేదు. ఇంట్లో వాళ్ళకి ఆధారం నేనే, మా తమ్ముడి చదువు, ఇలాంటి కారణాలు తర్వాత చాలా కల్పించుకున్నాను, కొన్ని నిజాలు కూడా. కానీ ఆ నిమిషాన ఉన్నది భయమొక్కటే. ఆయన పని అక్కడితో సరి. లొర్సీ ఆ ఏడాది నించే ఫోటోలు మొదలుపెట్టాడు. మిగతా పత్రికలకీ పాకింది కబురు, కళ్ళు లేని బొమ్మలాయన అని నవ్వుకున్నారు. పొగిడినవాళ్ళే. గుడ్డివాడు గీసిందానికి మనం అంత పెద్ద వ్యాసం రాశామా అని సిగ్గేసుంటుంది, ఆ సిగ్గుకి కూడా ఆయన్నే తిట్టారు. ఆయన గది ఖాళీ చేసి సోమూర్‌లో చెల్లెలింటికి వెళ్ళిపోయారని విన్నాను.

మరి కాలర్ ఏమైందనుకుంటున్నావ్? మరుసటి వేసవి బట్టల్లో వచ్చేసింది! మెడని వదిలేసి, వెనక్కి జారిన కాలర్. లొర్సీ కొత్త ఆలోచన అని పత్రికల్లో రాశారు. అది వేసుకుని అందరి ముందూ నడిచింది ఎవరు? నేనే. చప్పట్లు కొట్టారు. నా మెడ మీద గాలి తగుల్తోంది, నాకు ఏడుపొస్తోంది, నవ్వుతూ తిరిగాను. అంతకుముందు కొలతలప్పుడు మేడమ్ రావెనెల్ దాన్ని నా భుజాల మీద పెట్టి సూదులు గుచ్చుతూ, నోట్లో సూదుల మధ్యనించే గొణిగింది, "ఇంకోసారి ఏమైనా తోస్తే నాకు చెప్పు. నాకు కళ్ళు బానే ఉన్నాయి" అని. తిట్టిందో, దగ్గరికి తీసుకుందో తెలీదు. ఏడాది తర్వాత నేను నడవడం మానేసి ఆవిడ బల్ల దగ్గర సూది పట్టుకున్నాను. పాతికేళ్ళు కుట్టాను, కత్తిరించాను. నా పొట్ట నిండింది ఆ కాలర్ పుణ్యమే అనుకో.

సోమూర్ వెళ్ళానా అంటే, వెళ్ళాను. యాభై ఎనిమిది మార్చిలో, ఏడాదిన్నర తర్వాత. అంతకాలం పట్టింది నాకు ధైర్యం రావడానికి. చెల్లెలు ఆర్మాండ్ గారు తలుపు తీసింది. ఆయన లాగే పొడుగు. నన్ను కిందనించి పైదాకా చూసి, "ఇక్కడ బొమ్మలు గీయబడవు" అంది. "చూసి పోదామని వచ్చానండీ" అంటే, "అన్నయ్యా, ఎవరో చూడ్డానికొచ్చారట, నీకు చేతకాని పని" అని లోపలికి కేకేసింది. కోపంగా అన్లేదు, వాళ్ళిద్దరి హాస్యం అలాంటిది. వెర్దెలే గారు వెనక వసారాలో కూర్చుని ఎండు చిక్కుళ్ళు వలుస్తున్నారు. చూపు పూర్తిగా పోయింది. నా అడుగుల చప్పుడుకే, "ఇరిస్" అన్నారు. "లెయోకాదీ అండీ" అన్నాను. ఆయనకి నా అసలు పేరు అప్పుడే తెలిసింది, చూడు. రెండుసార్లు పైకి అనుకున్నారు ఆ పేరు. బావుందన్నారు. నేను నిలబడే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. ఆ కోటుకి అలాంటి కాలర్ లేదండీ, నేను కల్పించాను, అన్నాను. ఆయన చిక్కుడుకాయ చీలుస్తూ, "తెలుసు" అన్నారు. "ఆ రోజు నువ్వు రాకముందు కోటు కుర్చీ మీద వేసుంది. రోజూ ముందే వచ్చి చేత్తో తడిమేవాణ్ణి, నీకు తెలీదు. కాలర్ అట్టముక్క. పాపం ఆ పిల్ల మెడ అనుకున్నాను." మరి ఎందుకు గీశారండీ అన్నాను, దాదాపు అరిచాను. ఆయన గింజలు గిన్నెలోకి వేస్తూ, "నలభై ఏళ్ళు ఎదురుగా ఉన్నదాన్నే గీశాను. ఆ రోజు నువ్వొకటి చెప్పావు, నాకది కనిపించింది. స్పష్టంగా, నడిమధ్యలో. పొగ లేదు. అలాంటి కాలర్ లేదని అంటే నువ్వు మళ్ళీ నిజాలు చెప్పడం మొదలుపెడతావని భయమేసింది" అన్నారు.

ఆర్మాండ్ గారు కాఫీ ఇచ్చింది, ఉల్లిపాయలు పెట్టిన రొట్టె ఇచ్చింది. తిన్నాం. చల్లగా ఉంది, నది వైపునించి గాలి. నేను వెళ్ళేముందు అసలు మాట అడిగాను. అడక్కుండా రాలేకపోయాను. "మరి ఆ పీట మీద... నేను మాట్లాడలేదు కదండీ. ఆ రోజు" అన్నాను. ఏం లేదులే, చిన్నపిల్లవి, మర్చిపో అంటారనుకున్నాను. అందుకే అడిగానేమో కూడా. ఆయన అనలేదు. గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకున్నారు. "ఆ పేజీ తలకిందులుగా ఉందని నాకు తర్వాత తెలిసింది" అన్నారు. "కాలర్ విషయం వేరు, దానికి నీకు నేనే రుణపడ్డాను. ఇది వేరు. దీనికేం చెప్పాలో ఇంకా నాకే తెలీదు, లెయోకాదీ. అబద్ధం చెప్పడం ఇష్టం లేదు. మళ్ళీ రా. అప్పటికి తెలుస్తుంది, చెప్తాను." తప్పకుండా వస్తానన్నాను. చెయ్యి పట్టుకుని నొక్కారు. స్టేషన్ దాకా ఆర్మాండ్ గారు నా వెంట నడిచింది, వాళ్ళ వీధి కుక్క గురించే మాట్లాడింది.

ఏప్రిల్‌లో వెళ్దామనుకున్నాను, వర్క్‌రూమ్‌లో పని. జూన్‌లో నా పెళ్ళి. తర్వాత శీతాకాలం బట్టలు. నిజం చెప్పనా? వీలు దొరికిన ఆదివారాలున్నాయి. నాలుగున్నాయి. ఒక ఆదివారం టికెట్ కూడా కొన్నాను. నవంబర్‌లో ఆర్మాండ్ గారి దగ్గర్నించి కార్డొచ్చింది, నల్ల అంచుది, చావు కబురుది. వెనకాల ఒక్క ముక్క రాసింది. "మీరు వస్తారని ప్రతి ఆదివారం ఉతికిన చొక్కా వేసుకునేవాడు" అని.

...

ఏం లేదే. ఏం లేదు. ఎవరో మెట్లెక్కుతున్నట్టుంది, మీ అమ్మేమో చూడు. తలుపు తియ్యి.